సందేహాలు – సమాధానాలు: మర్గీనానీ ఇంటిపేరా?

సందేహం: ముస్లిం ధర్మశాస్త్రం గురించిన ఒక వ్యాసంలో హనఫీ, హనీఫీ, హనీఫా మతం అని మూడు రకాలుగా ఉంది. ఏది ఒప్పు? సరఖ్సీ, మర్గీనానీ, నసఫీ అనేవి ఆ పండితుల ఇంటిపేర్లా? చివర దీర్ఘం ఉండాలా?

సమాధానం: హనఫీ ఒప్పు. ఇది కూఫా నగరపు ఇమామ్ అబూ హనీఫా (699–767) పేరు మీద ఏర్పడిన మాట. అరబ్బీలో ఇలాంటి మాటకు 'ఈ' ప్రత్యయం చేరితే చివరి 'ఆ' పోతుంది, నడిమి 'ఈ' కాస్తా 'అ' అవుతుంది. మదీనా నుంచి మదనీ వచ్చినట్టే హనీఫా నుంచి హనఫీ. 'హనీఫీ' అనేది ఈ మార్పు తెలియక కట్టిన రూపం.

'హనీఫా మతం' మరీ తప్పు. ఉర్దూలో మజ్‌హబ్ అంటే మతం కనుక ఈ పొరపాటు జరుగుతుంది. ధర్మశాస్త్రంలో అదే మాటకు అర్థం వేరు: ఒక ఆచార్యుడూ ఆయన శిష్యులూ ఏర్పరచిన నిర్ణయ పద్ధతి. హిందూ వారసత్వ ధర్మంలోని మితాక్షర, దాయభాగాల తేడాను మనం మతభేదం అనం కదా. 'శాఖ' అన్నా తప్పులేదు గానీ నా మొగ్గు 'హనఫీ సంప్రదాయం' వైపే. గురుశిష్య పరంపర ఆ మాటలోనే వినిపిస్తుంది.

ఇక పేర్ల సంగతి. అవి ఇంటిపేర్లు కావు. ముల్కీ, హైదరాబాదీ అన్నప్పుడు పలికే 'ఈ'యే వాటి చివర ఉన్నదీ. ఊరితోనో మరొకదానితోనో సంబంధం తెలిపే ఇలాంటి పేరును అరబ్బీలో నిస్బత్ అంటారు. మన ఇంటిపేరు పేరుకు ముందు వస్తుంది, ఊరు విడిచి ఎన్ని తరాలైనా మారదు. నిస్బత్ పేరు చివర వస్తుంది, ఒకే మనిషికి రెండు మూడు ఉండవచ్చు.

ఈ పేర్లలోని ఊళ్లను పటంలో వెతికితే కూఫాలో పుట్టిన సంప్రదాయం ఎంత దూరం నడిచిందో తెలుస్తుంది. సరఖ్సీది సరఖ్స్, నేటి ఇరాన్–తుర్క్‌మెనిస్తాన్ సరిహద్దులోని ఊరు. కానీ అచ్చులో 30 సంపుటాలైన ఆయన ధర్మశాస్త్ర గ్రంథం 'మబ్సూత్' చాలావరకు ఆయన చెరలో ఉండి శిష్యులకు చెప్పి రాయించినది. ఆ చెర ఉన్న ఉజ్‌గంద్ నేటి కిర్గిజ్‌స్తాన్‌లో ఉంది. 'హిదాయా' అనే ధర్మశాస్త్ర గ్రంథకర్త మర్గీనానీది (మరణం 1197) ఫర్గానా లోయలోని మర్గీనాన్, నేటి ఉజ్బెకిస్తాన్‌లోని మర్గిలాన్. మరో హనఫీ పండితుడు కాసానీ (మ. 1191) కూడా ఫర్గానా వాడే, కన్నుమూసింది మాత్రం సిరియాలోని అలెప్పోలో. నసఫీది నసఫ్, నేటి ఉజ్బెకిస్తాన్‌లోని కర్షీ. ఫర్గానా, నసఫ్‌లున్న సీమకు అరబ్బీ పేరు మావరాఉన్నహ్ర్, అంటే 'ఏటి అవతలి నేల'. ఆ ఏరు ఆమూ దర్యా. ట్రాన్సాక్సియానా అనే ఇంగ్లీషు పేరు అరువు తెచ్చుకోకుండా తెలుగులోనూ 'ఆమూ దర్యా అవతలి సీమ' అనడం మేలు.

ఈ ప్రత్యయానికి స్త్రీలింగ రూపం 'ఇయ్యా'. మనం ఫతావా ఆలంగీరీ అనే గ్రంథాన్ని అరబ్బులు 'అల్ ఫతావా అల్ హిందియ్యా' అంటారు. ఔరంగజేబు ఆజ్ఞతో షేక్ నిజామ్ బుర్హాన్‌పూరీ నాయకత్వంలో పండితులు కూర్చిన హనఫీ తీర్పుల గ్రంథమది. అబూ హనీఫా అసలు పేరు నుఅమాన్. హైదరాబాదులో అబుల్ వఫా అఫ్గానీ (మ. 1975) స్థాపించిన ప్రచురణ సంస్థ పేరులోని 'నుఅమానియ్యా' అక్కడిదే. ధర్మశాస్త్ర మూలసూత్రాలపై సరఖ్సీ రాసిన 'ఉసూల్'ను పరిష్కరించి అచ్చులోకి తెచ్చింది ఆయనే. పని చేసింది హైదరాబాదులో, పేరులో నిలిచింది అఫ్గానీ! అందుకే నిస్బత్‌ను చూసి నివాసం తేల్చకూడదు.

చివర 'ఈ' ఉన్నదల్లా ఊరూ కాదు. సరఖ్సీ గురువు హల్వానీ పేరులో ఉన్నది మనమెరిగిన హల్వాయే. అబూ హనీఫా శిష్యుడు షైబానీ (మ. 805) పేరులో ఉన్నది తెగ పేరు. రయ్ నగరం వాడు 'రాజీ' అవుతాడు, మధ్యలో 'జ' వచ్చి చేరుతుంది. మన 'రాజీపడటం'తో దానికి సంబంధం లేదు.

దీర్ఘం తప్పక ఉంచాలి, ఎందుకంటే అర్థమంతా అందులోనే ఉంది. బుఖారా ఊరు, బుఖారీ ఆ ఊరివాడు. విభక్తులు చేరినా దీర్ఘం అలాగే ఉంటుంది: హనఫీలు, మర్గీనానీకి, కాసానీతో. అచ్చు పరమైతే సంధి చేయకండి: 'హనఫీ అయిన' అనాలి, 'హనఫయిన' కాదు.

నిస్బత్‌ను ఒంటరిగా వాడటంతోనే ఎక్కువ చిక్కు. 'నసఫీ అన్నారు' అని ఊరుకుంటే, 'అకీదా' అనే విశ్వాస సూత్రాల గ్రంథం రాసిన ఉమర్ నసఫీయా (మ. 1142), 'కంజ్' అనే ధర్మశాస్త్ర గ్రంథం రాసిన అబుల్ బరకాతా? జైలఈ అనే పండితులూ ఇద్దరున్నారు. హదీసులు కూర్చిన బుఖారీ (మ. 870) వేరు, హనఫీ పండితుడు అబ్దుల్ అజీజ్ బుఖారీ (మ. 1330) వేరు. మొదటి ప్రస్తావనలో 'అబుల్ బరకాత్ నసఫీ (మ. 1310)' అని పూర్తిగా రాసి, ఆ తర్వాతే కుదించండి.