ర్యామ్ పెంచాక ల్యాప్‌టాప్ క్రాష్ అవుతుంటే విండోస్ జోలికి పోకండి

8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఖాళీగా ఉన్న రెండో స్లాట్‌లో ఇంకో 8 జీబీ వేశారు, అప్పట్నుంచి రోజుకు రెండు మూడుసార్లు ఉన్నట్టుండి బ్లూ స్క్రీన్ వస్తోంది, విండోస్‌లో ఉండే మెమరీ టెస్ట్ పెడితే ఏ లోపమూ లేదని చెప్పింది, ఇక విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమేనా అని మీ ప్రశ్న. వద్దండీ. నేను ఆ పని రెండుసార్లు చేశాను. రెండుసార్లూ మర్నాటికల్లా మళ్లీ అదే కథ.

ముందు కొత్త స్టిక్ (మీరు వేసిన ర్యామ్ ముక్క) తీసేయండి. పాత దాంతోనే రెండు మూడు రోజులు వాడి చూడండి, క్రాష్‌లు ఆగిపోతే సగం జవాబు దొరికినట్టే. ముఖ్యమైన ఫైళ్ల బ్యాకప్ కూడా అది తీశాకే పెట్టుకోండి, ముందు కాదు. మీరు కాపీ చేసే ప్రతి ఫైలూ ర్యామ్ మీదుగానే వెళ్తుంది కాబట్టి, ర్యామ్‌లో తేడా ఉంటే బ్యాకప్‌లోకే తప్పులు ఎక్కుతాయి, పైగా ఆ సంగతి మీకు తెలియదు కూడా. నాకు మొదట అనుమానం వచ్చింది అలాగే. ఒక పెద్ద జిప్ ఫైలు విప్పితే సీఆర్‌సీ ఎర్రర్ (లోపలి డేటా సరిపోలడం లేదని) అంది, అదే ఫైలు మళ్లీ విప్పితే శుభ్రంగా వచ్చింది. ఫైలు నిజంగా పాడైతే రెండుసార్లూ ఎర్రరే రావాలి కదా.

బ్లూ స్క్రీన్ మీద వచ్చే పేర్లు రాసి పెట్టుకోండి. డ్రైవర్ (హార్డ్‌వేర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) తప్పయితే చాలావరకు అదే పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ర్యామ్ తప్పయితే ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్, ఇంకోసారి పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా, మరోసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్, ఇలా పూటకో పేరు వస్తుంది. పేరు మారినప్పుడల్లా దాని కోసం వెతికి ఒక్కో డ్రైవర్ మార్చుకుంటూ పోతే వారం గడిచిపోతుంది. నాకు గడిచింది. విండోస్ జరిగినవన్నీ నమోదు చేసి చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని కనిపిస్తే కంగారు పడొద్దు, సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది అని మాత్రమే దాని అర్థం, ఎందుకు ఆగిందో అది చెప్పదు. అందులో పవర్ అనే మాట చూసి నేను కొత్త చార్జర్ కొన్నాను, ఇప్పుడు ఇంట్లో రెండు చార్జర్లున్నాయి.

విండోస్ టెస్ట్ ఏమీ లేదన్నంత మాత్రాన నమ్మకండి. అది మామూలుగా నడిచేది స్టాండర్డ్ పద్ధతిలో, కాసేపట్లో అయిపోతుంది (టెస్ట్ నడుస్తుండగా ఎఫ్1 నొక్కితే ఎక్స్‌టెండెడ్ ఎంచుకోవచ్చు). దానికంటే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, దాన్నుంచి బూట్ చేసి, రాత్రి పడుకునే ముందు చార్జర్ తగిలించి వదిలేయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, చూసుకోండి. ఉచిత వెర్షన్ 4 పాస్‌ల (పాస్ అంటే టెస్టులన్నీ ఒక విడత పూర్తవడం) వరకు నడుస్తుంది, 4 పూర్తవనివ్వండి. కొన్ని తప్పులు ర్యామ్ బాగా వేడెక్కాకే బయటపడతాయి కాబట్టి మొదటి పాస్ బాగుందని ఆపేయొద్దు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే, ఒకటేగా పర్లేదు అనేది ర్యామ్ విషయంలో కుదరదు.

ఇక నా సంగతి. టెస్ట్ పెట్టకముందే ఒకసారి వెనక మూత విప్పి చూస్తే కొత్త స్టిక్‌కి ఒక పక్క క్లిప్ మాత్రమే పట్టి ఉంది, రెండో పక్క గోరు మందాన పైకి లేచి ఉంది, బంగారు రంగు గీతలు కాస్త బయటికే కనిపిస్తున్నాయి. దొరికింది దొంగ అనుకున్నాను. బ్యాటరీ కనెక్టర్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టి, స్టిక్‌ని ఏటవాలుగా స్లాట్ లోపలికంటా తోసి, తర్వాత కిందికి నొక్కితే రెండు పక్కలా టక్‌మని పట్టుకుంది. రెండు రోజులు నిక్షేపంగా నడిచింది. మూడో రోజు మళ్లీ బ్లూ స్క్రీన్. (మీరు కూడా ఇది తప్పకుండా చూడండి, చాలామందికి తప్పు ఇక్కడే ఉంటుంది. చెయ్యి ఆనించే చోట కొంచెం నొక్కినప్పుడో, ల్యాప్‌టాప్ ఎత్తినప్పుడో క్రాష్ అవుతుంటే మరీ అనుమానించాలి.)

అప్పుడు కాగితం తీసుకుని కూర్చున్నాను. పాత స్టిక్ ఒక్కటే మొదటి స్లాట్‌లో, కొత్తది ఒక్కటే మొదటి స్లాట్‌లో, తర్వాత అవే రెండో స్లాట్‌లో, రాత్రికొకటి. ఎర్రర్లు స్టిక్‌తో పాటు వెళ్తే స్టిక్ చెడ్డది, ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్‌లో వస్తుంటే తప్పు స్లాట్‌దో బోర్డుదో. నాలుగు రాత్రులూ సున్నా ఎర్రర్లు! అయిదో రాత్రి రెండూ కలిపి పెట్టి, ఎదురుగానే కూర్చున్నాను. ముప్పావుగంట కాకముందే ఎర్రర్లు మొదలయ్యాయి, చూస్తుండగానే అంకె వందలు దాటింది.

అంటే విడివిడిగా రెండూ మంచివే, జతే కుదరలేదు. స్టిక్కర్లు పక్కపక్కన పెట్టి చూస్తే స్పీడు పాతది 2400, కొత్తది 3200, పాతదాని మీద 1ఆర్ఎక్స్8 అని, కొత్తదాని మీద 1ఆర్ఎక్స్16 అని ఉంది, అంటే చిప్‌ల అమరిక కూడా వేరు. రెండూ డీడీఆర్4 రకమే, రెండూ 1.2 వోల్టులే. స్పీడు తేడా ఉంటే రెండూ తక్కువ స్పీడుకి దిగి పనిచేస్తాయి, చాలా ల్యాప్‌టాప్‌లలో ఇలాంటి జతలు ఏళ్ల తరబడి నడుస్తాయి కూడా, నా దాంట్లో నడవలేదు, అంతే. బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) అప్‌డేట్ చేసి చూశాను, తేడా రాలేదు, అయినా మీరు ఒకసారి చేయండి, మెమరీకి సంబంధించిన సవరణలు చాలావరకు అందులోనే వస్తాయి. కాకపోతే రెండు స్టిక్కులూ ఉండగా కాదు, పాతదొక్కటే పెట్టుకుని చేయండి, బయోస్ రాస్తుండగా క్రాష్ అయితే ల్యాప్‌టాప్ అసలు ఆన్ కాకపోవచ్చు. చివరికి కొత్త స్టిక్ వాపసు ఇచ్చేసి, జతగా అమ్మే రెండు 8 జీబీల కిట్ వేశాను. 4 పాస్‌లు శుభ్రం. ఎనిమిది నెలలైంది, ఒక్క క్రాష్ లేదు.

మీది కూడా డీడీఆర్4 అయితే రెండు స్టిక్కర్ల మీద ఉన్న అంకెలు, ఏ స్లాట్‌లో ఏది పెడితే ఎన్ని ఎర్రర్లు వచ్చాయో రాసి పెట్టండి, చూసి చెప్తాను. కొత్తదాన్ని వాపసు ఇచ్చే గడువు ఎప్పటిదాకా ఉందో మాత్రం ఇవాళే చూసుకోండి, ఈ టెస్టులకే అయిదారు రోజులు పడుతుంది.