కష్టపడి చదివితే ఎవరైనా పైకి రావచ్చంటారు. చదువు నిజంగా పేద, ధనిక తేడాను పోగొడుతుందా?

ఈ ప్రశ్న వేసినవారు కింద ఇంకో సంగతి కూడా రాశారు. వాళ్ల తమ్ముడు ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా పరిషత్ బడిలో పదో తరగతి చదువుతున్నాడట. ‘బాగా చదివితే చాలు, డబ్బు లేకపోతే ఏమైంది’ అని చుట్టాలందరూ అంటున్నారట. ఆ మాటను ఎంతవరకు నమ్మాలి అని అడిగారు. నేనూ అలాంటి బడిలోనే చదివి ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి, నేను చూసింది చెబుతాను.

సగమే నమ్మండి. చదువు వల్ల నా బతుకు మారింది, అందులో అనుమానం లేదు. కానీ నాతో సమానంగా కష్టపడినవాళ్లు, నాకంటే బాగా చదివినవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది ఉన్నారు. నాకు దొరికి వాళ్లకు దొరకనివి రెండు. ఒకటి ప్రభుత్వం పెట్టిన ఒక నిబంధన, రెండోది దాని సంగతి వేళకు చెప్పిన మనిషి. ‘కష్టపడ్డాడు, పైకొచ్చాడు’ అని ఊళ్లో నా గురించి చెప్పుకునేటప్పుడు ఈ రెండింటినీ ఎవరూ తలుచుకోరు. అది నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే ఆ వెంటనే ‘వాడు చదవగా లేంది నీకేం రోగం’ అని ఇంకెవరి పిల్లాడినో తిడతారు.

మాది పల్నాడు. మా నాన్న కౌలుకు పొలం తీసుకుని మిరప వేసేవాడు. సొంత చేలో పని లేని రోజుల్లో అమ్మ కూలికి వెళ్లేది. నేను 2013లో తెలుగు మీడియంలో పదో తరగతి పాసయ్యాను. అప్పుడు మార్కులు ఇచ్చేవాళ్లు కాదు, జీపీఏ ఉండేది. ఆరు సబ్జెక్టులకు పదేసి పాయింట్లు, వాటి సగటు. నాకు మూడింటిలో పది, మూడింటిలో తొమ్మిది వచ్చాయి, అంటే 9.5. టౌన్లో ప్రైవేటు స్కూళ్ల ఫ్లెక్సీల నిండా పదికి పది వచ్చిన పిల్లల ఫొటోలే. వాటి ముందు 9.5 అంటే చెప్పుకోదగ్గది కాదనిపించేది.

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలో ట్రిపుల్ ఐటీలు పెట్టారు. పల్లెటూరి పిల్లలను పదో తరగతి కాగానే తీసుకుని, రెండేళ్లు ఇంటర్‌కు సమానమైన పీయూసీ, ఆపైన నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు అక్కడే ఉంచి చదివిస్తారు. నేను చేరినప్పుడు ఎంట్రన్స్ లేదు, పదో తరగతి జీపీఏ మీదే సీటు. అందులో ఒక నిబంధన ఉంది. హాస్టల్ లేని ప్రభుత్వ, జడ్పీ, మున్సిపల్ బడుల్లో చదివినవాళ్లకు జీపీఏకు 0.4 కలుపుతారు. దాన్ని డిప్రివేషన్ స్కోర్ అంటారు. అలా నా 9.5 కాస్తా 9.9 అయింది, నూజివీడులో సీటు వచ్చింది.

ఆ 0.4 గురించి నాతో వాదించినవాళ్లు ఎందరో. ‘మా అబ్బాయికి నీకంటే ఎక్కువ వచ్చింది, కానీ సీటు నీకిచ్చారు, ఇదెక్కడి న్యాయం’ అని మా దూరపు బంధువు ఒకాయన ఇప్పటికీ అంటాడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ అబ్బాయి చదివిన స్కూల్లో తెల్లవారుజామున మొదలుపెడితే రాత్రి దాకా స్టడీ అవర్లు ఉండేవి, వారంవారం పరీక్షలు పెట్టి ఎక్కడ తప్పు పోతున్నదీ చూసేవాళ్లు. మా బడిలో ఆ ఏడాది చాలా నెలలు ఇంగ్లీషుకు టీచరే లేరు. ఫిబ్రవరి, మార్చి నెలలంటే మాకు ప్రీఫైనల్ పరీక్షలు, మిరప కోతలు రెండూ కలిసి వచ్చే కాలం. ఇంటిల్లిపాదీ చేలో ఉంటే నేనొక్కడినే పుస్తకం పట్టుకుని కూర్చోలేను. కాయ ఏరిన చేతుల మంట రాత్రి దాకా పోదు, కళ్లు నలుపుకుంటే ఇక చదివినట్టే. ఆ ఇంట్లోంచి వచ్చిన 9.5నూ, ఏసీ గదిలో ట్యూషన్ చెప్పించుకున్న 9.8నూ పక్కపక్కన పెట్టి రెండోదే ఎక్కువ అనడం నాకు న్యాయంగా కనబడదు. పిల్లాడి తెలివినొక్కదాన్నే కొలవాలంటే వాడి ఇంటినీ, బడినీ కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ నిబంధన రాసినవాళ్లెవరో ఈ విషయం తెలిసి రాశారు.

ఇక రెండోది, చెప్పినవాళ్లు ఉండటం. ట్రిపుల్ ఐటీ అనే మాట మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా లెక్కల సారు ఫలితాలు వచ్చిన రోజే ఇంటికొచ్చి, నాన్నను ఒప్పించి, నర్సరావుపేటలో నెట్ సెంటర్‌కు తీసుకెళ్లి అప్లికేషన్ పెట్టించారు. కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం మీసేవకు కూడా ఆయనే తిప్పారు. పక్క ఊరి హైస్కూల్లో ఒక అమ్మాయికి నాకంటే ఎక్కువ, 9.7 వచ్చింది. 0.4 కలిపితే 10 దాటేది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. దగ్గర్లోని ఊళ్లో ఇంటర్ చదివి, పూర్తవకముందే పెళ్లయింది. ఆమె విషయంలో చదువులో లోటేమీ లేదు, కష్టంలోనూ లేదు. డబ్బున్న ఇళ్లలో ఈ సమాచారం అడక్కుండానే అందుతుంది. బాబాయి ఇంజినీరు, అత్త లెక్చరర్, పక్కింటాయన బ్యాంకు మేనేజరు, భోజనాల దగ్గర మాటల్లోనే ఏ పరీక్ష ఎప్పుడో పిల్లలకు తెలిసిపోతుంది. మా ఇళ్లలో అది ఒక్క సారు మీద ఆధారపడి ఉంటుంది. ఆ సారుకు ఆ ఏడాది బదిలీ అయి ఉంటే నా కథ కూడా ఆ అమ్మాయి కథే.

మాకంటే కింద ఉన్నవాళ్ల గురించి కూడా చెప్పాలి. మిరప కోతలకు మా వైపు కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి, ఆదోని, కోసిగి చుట్టుపక్కల నుంచి కుటుంబాలకు కుటుంబాలు వస్తాయి. వాళ్లు సుగ్గికి, అంటే కోతల పనికి, వచ్చామంటారు. సంక్రాంతి దాటాక వచ్చి ఎండలు ముదిరే దాకా చేల గట్ల మీద పట్టాల గుడారాల్లో ఉంటారు. కిలోల లెక్కన కూలి కాబట్టి పిల్లల చేతులు కూడా లెక్కకొస్తాయి. మరీ చిన్నపిల్లలుంటే వాళ్లను ఎత్తుకుని తిరగడానికి ఒక ఆడపిల్ల బడి మానాలి. నా వయసు పిల్లలే, నేను పదో తరగతి పరీక్షలు రాస్తున్న రోజుల్లో మా చేలో కాయ ఏరారు. సొంత ఊళ్లలో పిల్లల్ని ఉంచడానికి ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెడుతుంది, అవి నడిచిన చోట పిల్లలు బడిలోనే ఉండిపోతారు. కానీ మా చేలో కనిపించిన పిల్లలకు అవి అందలేదు. ‘కష్టపడితే చాలు’ అనేవాళ్లు ఒక్క రోజు మిరప చేనికి వచ్చి చూడాలి. కష్టానికి అక్కడ కొదవ లేదు.

నూజివీడులో ఆరేళ్లు నాకు పేదరికం గుర్తు రాలేదనే చెప్పాలి. మాలో ఎక్కువమంది ఒకే రకం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం, మెస్ ఒకటే, గదులు ఒకటే. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కాబట్టి నాన్న నా చదువు కోసం అప్పు చేయలేదు. తేడా మళ్లీ ఎదురైంది ఉద్యోగంలో.

టీమ్‌లో నాతో పాటే చేరిన ఒకతను హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగాడు. ఇద్దరి జీతం ఒకటే. అతను మొదటి ఏడాది నుంచే పొదుపు మొదలుపెట్టాడు, తర్వాత వాళ్ల అమ్మానాన్న కొంత డబ్బు సర్దితే నల్లగండ్లలో ఫ్లాట్ కొన్నాడు. నా మొదటి మూడు నాలుగేళ్ల జీతంలో పెద్ద భాగం నాన్న చేసిన అప్పులకు పోయింది. కౌలు రైతుకు భూమి కాగితాలు ఉండవు, బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చిన అప్పులు అవి. ఆ తర్వాత చెల్లి పెళ్లి. ఆ తర్వాత అమ్మ మోకాళ్ల ఆపరేషన్. నేను దేనికీ బాధపడటం లేదు, ఇవన్నీ చేయగలిగినందుకు గర్వంగానే ఉంది. కానీ పే స్లిప్పులు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకు మేమిద్దరం ఒకే తరగతి మనుషుల్లా కనబడతాం. ఉద్యోగం పోతే అతనికి ఆరు నెలలు ఆలోచించుకునే వీలుంది. నాకు వచ్చే నెల ఊరికి డబ్బు పంపాలి. నచ్చని ప్రాజెక్టు నుంచి బయటికి రావాలన్నా, మానేసి ఎంఎస్‌కు వెళ్లాలన్నా, ఆ ధైర్యం వెనక ఎక్కడో ఒక ఇల్లో, ఒక స్థలమో ఉంటుంది. చదువు నాకు ఆదాయం ఇచ్చింది. ఆస్తి అనేది తరాల లెక్క, అది ఒక డిగ్రీతో సమం కాదు.

అందరికీ డిగ్రీ అందితే సరిపోతుంది కదా అని అడుగుతారు. అదీ చూశాం. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను బీసీలకూ ఇతర పేదలకూ విస్తరించాక ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు 700 దాటాయి. మా బాబాయి కొడుకు అలా కన్వీనర్ కోటాలో ఒక కాలేజీలో చేరాడు. ల్యాబులు తాళం వేసి ఉండేవి, లెక్చరర్లు ఏడాదికొకరు మారేవాళ్లు. ఫీజు బకాయి ఉందని కాలేజీ సర్టిఫికెట్లు చాలాకాలం ఇవ్వలేదు. చేతికి వచ్చేసరికి తోటివాళ్లు ఉద్యోగాల్లో కుదురుకున్నారు. ఇప్పుడు విజయవాడలో ఒక ఎలక్ట్రానిక్స్ షోరూంలో సేల్స్ చేస్తున్నాడు. వాడి చేతిలోనూ బీటెక్ ఉంది. బీటెక్ అందరికీ వచ్చేసరికి కంపెనీలు ఏ కాలేజీ అని చూడటం మొదలుపెట్టాయి, మంచి కాలేజీలో సీటుకు ఖరీదైన కోచింగ్ కావాలి, దానికి ముందు ఖరీదైన స్కూలు కావాలి. పోటీ ఎల్‌కేజీ దాకా దిగిపోయింది. హైదరాబాద్‌లో నా సహోద్యోగులు ఎల్‌కేజీకి కట్టే ఫీజులు మా నాన్న ఏడాదంతా మిరప మీద చూసిన మిగులు కంటే ఎక్కువ. అయినా ఫీజు రీయింబర్స్‌మెంట్ వృథా అని నేను అనను. అది లేకపోతే నేనూ లేను. డబ్బు ఇచ్చి చదువు నాణ్యతను గాలికొదిలేయడం అన్యాయం, అంతే.

మన దగ్గర బాగా పనిచేసినవి ఉన్నాయి. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల వచ్చింది, తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లి. 1980ల్లో ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారు దళిత పిల్లలకు అదే స్థాయి గురుకులాలు కావాలని పట్టుబట్టారు. తిండి, పడక, టీచరు, పుస్తకం అన్నీ ఒకేచోట ఇచ్చి, పిల్లను ఇంటి పని నుంచి పూర్తిగా తప్పించారు. అందుకే అక్కడి పిల్లలు నిలబడ్డారని నా నమ్మకం. దానికి పూర్తి వ్యతిరేక ఉదాహరణ విద్యాహక్కు చట్టం. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలనే ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సీట్లలో పిల్లల్ని చేర్చుకోవడం మొదలైంది 2022-23లో. ఆ మధ్యలో ఒకటో తరగతి వయసు దాటిపోయిన పిల్లలకు ఎవరు జవాబు చెప్పాలి?

ఇక మీ తమ్ముడి సంగతి. ట్రిపుల్ ఐటీ నోటిఫికేషన్ పదో తరగతి ఫలితాల తర్వాత వస్తుంది. జీపీఏ పోయి మళ్లీ మార్కులు వచ్చినా, ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు స్కోరు కలిపే పద్ధతి అలాగే ఉంది. స్టడీ సర్టిఫికెట్‌లో బడి పేరు, అది జడ్పీ బడి అన్న వివరం సరిగ్గా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. ఏపీఆర్‌జేసీ (గురుకుల జూనియర్ కాలేజీల ప్రవేశ పరీక్ష), పాలీసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) దరఖాస్తులు మాత్రం ఫలితాల దాకా ఆగవు, వేసవికి ముందే మొదలవుతాయి, ఫలితాలు చూసి చూద్దాంలే అనుకుంటే గడువు దాటిపోతుంది. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు మీ ఊరి గ్రామ సచివాలయంలో ఇప్పుడే పెట్టండి. వాళ్ల క్లాసులో మిగతా పిల్లల ఇళ్లకు కూడా ఈ తేదీలు చెప్పి రమ్మని తమ్ముడిని పంపండి, ముఖ్యంగా ఆడపిల్లల ఇళ్లకు. అప్లికేషన్ నింపేటప్పుడు ఏదైనా అర్థం కాకపోతే ఇక్కడే అడగండి, చూసి చెబుతాను.