ఫుట్‌బాల్ ఆడే పిల్లలకు రెండో ఆట కూడా ఉండవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి కావలిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఎడమ వింగ్‌లో, అంటే మైదానం ఎడమ అంచున ఆడతాడు. బాగా పరుగెత్తుతాడని వాళ్ళ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారు ఈ ఏడాది 400 మీటర్ల పరుగుకూ, కబడ్డీకీ కూడా పేరు ఇమ్మంటున్నారు. వాడికీ ఉత్సాహంగానే ఉంది. వాళ్ళ నాన్నగారు మాత్రం రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దని కోప్పడుతున్నారు. మేమేం చేయాలి?
– ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, మీ వారి భయం ఊరికే పుట్టింది కాదు. అయినా పరుగుకు ఒప్పుకోండి. కబడ్డీ మాత్రం ఈ ఏడాదికి వద్దని పీడీ గారికి మర్యాదగా చెప్పండి. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

వింగ్‌లో ఆడే కుర్రవాడికి కావలసింది ఒక్క పరుగు కాదు, ఆగి మళ్ళీ అందుకొనే పదుల పరుగులు. 400 మీటర్ల సాధన ఆ శక్తినే పెంచుతుంది కాబట్టి అక్కడ సంపాదించింది ఇక్కడ ఖర్చుకు పనికివస్తుంది. కబడ్డీలో అలా కాదు. కూతకు వెళ్ళినవాడి చీలమండను ఒకడు పట్టుకుంటే, నడుము మీద ఇంకొకడు పడతాడు. నేల మీద ఆనిన పాదం కదలకుండా మోకాలు మెలిపడుతుంది. ఫుట్‌బాల్ ఆడేవాడి ఆస్తి అంతా ఆ చీలమండలోనూ, ఆ మోకాలిలోనూ ఉంటుంది. కబడ్డీ మన ప్రాంతపు ఆట, దాని మీద నాకు ఎంతో గౌరవం ఉంది. అయితే దానికి మెడ, భుజాలు, పట్టు ఏళ్ళ తరబడి సిద్ధం చేసుకోవాలి. వేగం ఉందన్న ఒక్క కారణంతో నెల రోజుల్లో బరిలోకి దింపకూడదు.

రెండో సంగతి కాలం. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అక్టోబరు మొదలుకొని డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. మైదానాల్లో నీళ్ళు నిలిచిపోయి, తెరిపి ఇచ్చిన నాలుగు రోజుల్లోనే వాయిదా పడిన పోటీలన్నీ కుక్కినట్టుగా పెట్టవలసి వస్తుంది. సాయంత్రం ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడిన పిల్లవాడిని మర్నాడు ఉదయమే ఇంకో ఆటకు నిలబెట్టడం అలాంటప్పుడే జరుగుతుంది. తొంభై నిమిషాల మ్యాచ్‌లో వింగ్‌లోనో మధ్యలోనో ఆడేవాడు 10 కిలోమీటర్ల వరకు, ఒక్కోసారి అంతకు మించి పరుగెత్తుతాడు. ఆ తరువాత కండరాలు పూర్తిగా కోలుకోవడానికి 48 నుంచి 72 గంటలు పడుతుంది.

ఈ మాట నేను చదివి తెలుసుకోకముందే కళ్ళారా చూశాను. నేను పీడీగా పనిచేస్తున్న రోజుల్లో, ఫైనల్‌లో చివరిదాకా ఆడిన ఒక కుర్రవాడి పేరును మర్నాటి 400 మీటర్ల ఎంట్రీ ఫారంలో రాసిన చేయి నాదే. కాలేజీకి ఓవరాల్ షీల్డు రావడానికి ఇంకొన్ని పాయింట్లు తక్కువగా ఉన్నాయి. మూడో వంద మీటర్ల మలుపులో, అందరికంటే ముందున్నవాడు, కుడి తొడ వెనక్కి చెయ్యి పోనిచ్చి, ఒంటికాలి మీద రెండు గెంతులు వేసి సున్నపు గీత మీద కూలబడ్డాడు. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఏడవడం లేదు. “సార్, టప్‌మని వినిపించింది” అని మాత్రం అన్నాడు. ఆ ఏడాది అతను మళ్ళీ ఫుట్‌బాల్ బూట్లు వేసుకోలేదు. తొడ వెనక కండరం చిట్లడం ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా తరచుగా కనిపించే గాయమని, ఒకసారి చిట్లినచోట మళ్ళీ చిట్లే ప్రమాదం ఎక్కువని నాకు అప్పటికే తెలిసి ఉండవలసింది. అందుకే మీ అబ్బాయి పేరు ఎవరి కోసం అడుగుతున్నారో, వాడి ఎదుగుదల కోసమా, కాలేజీ పాయింట్ల కోసమా అన్నది నిర్మొహమాటంగా అడిగి తెలుసుకోండి.

రెండు ఆటలు ఆడి గొప్పవారైన మనవారు లేకపోలేదు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత ఫుట్‌బాల్ జట్టు నాయకుడు చునీ గోస్వామి, 1971-72లో బెంగాల్ క్రికెట్ జట్టును రంజీ ఫైనల్ దాకా నడిపించారు. ఆయనకు ఒక సౌకర్యం ఉండేది: కలకత్తాలో ఫుట్‌బాల్ లీగ్ వానాకాలంలోనూ, క్రికెట్ చలికాలంలోనూ జరిగేవి. పైగా ఆయన 1964లోనే దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడటం మానుకున్నారు. రెండు ఆటలూ ఒకే వేళకు వచ్చిపడితే ఏమవుతుందో మద్రాసు ఆటగాడు ఎం.జె. గోపాలన్ కథ చెబుతుంది. 1936లో హాకీ జట్టు బెర్లిన్ ఒలింపిక్స్‌కు, క్రికెట్ జట్టు ఇంగ్లండుకు బయలుదేరుతుంటే ఆయన క్రికెట్‌ను ఎంచుకున్నారు. ఇంగ్లండులో ఒక్క టెస్టులోనూ ఆయనకు చోటు దక్కలేదు. బెర్లిన్‌లో హాకీ జట్టు స్వర్ణం గెలుచుకుంది.

కాబట్టి పరుగు పోటీలను ఫుట్‌బాల్ ముగిశాక, సంక్రాంతి దాటాక పెట్టుకునేలా పీడీ గారితో మాట్లాడండి. వారానికి ఒక రోజు పూర్తి విశ్రాంతి ఉండాలి. ఫుట్‌బాల్‌కూ, పరుగుకూ వేర్వేరు శిక్షకులు ఉన్నట్లయితే వాడి వారమంతా ఒకే కాగితం మీద రాసి ఇద్దరికీ చూపించాలి. ఒకరు చేయించింది ఇంకొకరికి తెలియకపోవడమే చాలా గాయాలకు మూలం. వారంలో రెండుసార్లు, మోకాళ్ళ మీద కూర్చుని, స్నేహితుడు మడమలు అదిమి పట్టుకోగా నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలే వ్యాయామం చేయించండి. తొడ వెనక గాయాలను ఇది ఇంచుమించు సగానికి తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. దీనికి ఖర్చేమీ లేదు. తిండి గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. నిద్ర మాత్రం ఎనిమిది గంటలకు తగ్గనివ్వకండి.

ప్రశ్న: మా మనవడు అమెరికాలో, టెక్సాస్‌లో కాలేజీ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. మనిషి 120 కిలోలు ఉంటాడు. అక్కడి కోచ్ షాట్‌పుట్ కూడా వేయమంటున్నారట. ఇది మంచిదేనా?
– ఒక తాతయ్య, పొదలకూరు

జవాబు: పెద్దవారు మీరు, ముందుగా నమస్కారం. అక్కడి ఫుట్‌బాల్ మనం కాలితో ఆడేది కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకొని, ఎదుటివారిని ఢీకొంటూ ముందుకు సాగే ఆట. మీ మనవడిలాంటి భారీ మనుషులు ముందు వరుసలో నిలబడి, ఒక్క అంగలో ఉన్న బలమంతా ముందుకు తోయాలి. గుండు విసరడంలోనూ అదే బలం, అదే అంగ. అందువల్ల ఈ జోడింపు అక్కడ ఎప్పటినుంచో ఉన్నదే, నేను నిస్సంకోచంగా సరేనంటాను.

అక్కడ పోటీల కాలం ఆగస్టు చివర మొదలై డిసెంబరు ఆరంభానికి చాలామటుకు ముగుస్తుంది. ఆ కాలంలో ఒక ఆట సాధన వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు మించకూడదని అక్కడి కాలేజీ క్రీడలను నడిపించే సంస్థ ఎన్‌సీఏఏ నియమం. చిక్కు వసంతంలో వస్తుంది. ఫుట్‌బాల్ జట్టుకు అప్పుడు 15 రోజుల సాధన ఉంటుంది, అథ్లెటిక్స్ పోటీలూ అప్పుడే. ఏది మానుకోవచ్చో ఫుట్‌బాల్ కోచ్ ముందే స్పష్టంగా చెప్పాలి, లేకపోతే జట్టులో చోటు జారిపోతుంది. ఆబర్న్ విశ్వవిద్యాలయంలో బో జాక్సన్ ఫుట్‌బాల్, బేస్‌బాల్, పరుగు మూడూ చేశారు. 1985లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఆయనకే వచ్చింది. ఆయన ఫుట్‌బాల్ జీవితం 1991 జనవరిలో, 28 ఏళ్ళకే, తుంటి గాయంతో ముగిసింది. ఆ దెబ్బ తగిలింది ఫుట్‌బాల్ మ్యాచ్‌లోనే. మీ మనవడి ఒంటికి ప్రమాదం ఎటునుంచి వస్తుందో దీన్నిబట్టి చూడండి. గుండు విసిరే వలయంలో అతన్ని ఎవరూ వచ్చి గుద్దరు.

ప్రశ్న: నేను ఒంగోలులో డిగ్రీ చదువుతూ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టులో ఆడుతున్నాను, ఆదివారాలు క్రికెట్ ఆడతాను. ఏదో ఒకటి వదిలేయమని అందరూ అంటున్నారు. నాకు రెండూ ఇష్టమే.
– ఒక విద్యార్థిని, ఒంగోలు

జవాబు: ఇష్టమైనంత కాలం వదలవద్దు తల్లీ. ఆస్ట్రేలియా అమ్మాయి ఎలిస్ పెర్రీ క్రికెట్ ప్రపంచకప్‌లోనూ, ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లోనూ దేశం తరఫున ఆడింది. 2011లో స్వీడన్ మీద క్వార్టర్ ఫైనల్‌లో గోల్ కూడా చేసింది. ఆ తరువాత ఆమె క్రికెట్‌నే ఎంచుకుంది, కానీ ఆ నిర్ణయం తీసుకున్నది తానే.

నేను నిన్ను అడిగేది ఒక్కటే. ఫుట్‌బాల్‌లో మోకాలి లోపలి లిగమెంటు తెగడం అబ్బాయిలకన్నా అమ్మాయిల్లో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆటకు ముందు ఫిఫా 11 ప్లస్ అనే ఇరవై నిమిషాల వార్మప్ చేయి, క్రికెట్ రోజున కూడా మానవద్దు. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వంగుతున్నాయేమో స్నేహితురాలిని ఎదురుగా నిలబెట్టి చూడమను. వంగుతుంటే, సరిగా దిగడం వచ్చేవరకు ఆదివారం బౌలింగ్ కాస్త తగ్గించు.