గ్రీన్‌స్టెడ్ చెక్క చర్చి: 845 సరైనదా, 1060 సరైనదా?

ఇంగ్లాండ్‌లో ఎసెక్స్ జిల్లా గ్రీన్‌స్టెడ్ చర్చి ఎప్పుడు కట్టారన్న దాని గురించి ఒక పాత గైడులో 845 అని, ఇంకోచోట 1060ల తర్వాత అని ఉంది, ఏది రాయాలో తేలక టెన్షన్‌గా ఉందన్నారు కదండీ. రెండోదే రాసుకోండి.

845 కూడా ఎవరో గాలిలోంచి తీసింది కాదు. చెక్కలోని వలయాలు లెక్కపెట్టి మొదట చెప్పిన తేదీ అది. 1990లలో మళ్ళీ పరీక్షిస్తే ఆ ఓక్ మానులు 1060ల తర్వాతే నరికారని తేలింది. బెరడు, దాని కింది లేత చెక్క చెక్కేసి ఉండటంతో చివరి వలయాలు పోయాయి, కచ్చితమైన సంవత్సరం దొరకదు, అందుకే ఆ "తర్వాత".

మరి 1013లో సెయింట్ ఎడ్మండ్ (సెయింట్‌గా కొలిచే పాతకాలపు ఇంగ్లీష్ రాజు) భౌతికకాయాన్ని అక్కడ ఉంచారన్న కథ ఎలా పొసుగుతుందన్నారు. అది సంప్రదాయంగా వస్తున్న మాట. అయితే 1960లో తవ్వినప్పుడు అంతకు ముందున్న రెండు చెక్క కట్టడాల ఆనవాళ్ళు బయటపడ్డాయి. కాబట్టి పాత చర్చి ఉండటం, ఇప్పటిది తర్వాత కట్టడం రెండూ కుదురుతాయి.

ఇంకో మాట, చర్చి మొత్తాన్నీ ఆ కాలానిది అని రాయకండి. జనం కూర్చునే హాలు గోడలే పాతవి: నిలువునా చీల్చిన మానులు, గుండ్రటి వైపు బయటికి, చదునైన వైపు లోపలికి. వాటికీ అడుగు కుళ్ళితే 1848 ప్రాంతంలో కోసేసి ఇటుకల వరస మీద నిలబెట్టారు. పూజాపీఠం వైపు ఇటుక గది 1500 నాటిది. నా మటుకు ఆ ఇటుక వరసే ఫొటోలో ముందు పెడతాను.