రొట్టెల కోసమా, ఆయన కోసమా?

ప్రశ్న: మూడేళ్ల క్రితం మా బాబుకు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు 18 వేలకు పడిపోయినప్పుడు పక్కింటి అక్క వచ్చి ప్రార్థన చేసింది. వాడు బతికాడు. అప్పటినుంచి చర్చికి వెళ్తున్నాను. మానేస్తే వాడికేమైనా అవుతుందేమోనని టెన్షన్. నాది భక్తేనా?
– ఒక సోదరి, కాజీపేట

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నన్ను నేనూ వేసుకున్నాను. హన్మకొండలో టీచరుగా ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫర్ ఆగాలని ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ నలభై రోజులూ ఉపవాసం ఉన్నాను. ఆగలేదు, ములుగు పంపారు. మరుసటి ఆదివారం చర్చికి వెళ్లబుద్ధి కాలేదు. ఇన్నాళ్లూ నేను వెతికింది ఏమిటో అప్పుడు అర్థమై చాలా ఏడ్చాను.

యోహాను సువార్త 6వ అధ్యాయం చదవండి. యేసు ఐదు రొట్టెలు, రెండు చేపలతో ఐదు వేల మందికి కడుపు నింపిన మర్నాడు జనం ఆయన్ను వెతుక్కుంటూ వస్తారు. రొట్టెలు తిన్నారు కాబట్టే వచ్చారని యేసు ముఖం మీదే అంటారు. అయినా వాళ్లను పొమ్మనలేదు, మాట్లాడుతూనే ఉన్నారు.

బిడ్డ కోసం తల్లి వెళ్లడంలో తప్పేముంది? శిక్ష పడుతుందన్న భయం మాత్రం వదలండి. వైద్యం చేసిన డాక్టర్లను కూడా ప్రార్థనలో తలచుకోండి. ఒక్క వారం ఏమీ అడగకుండా కూర్చుని చూడండి. మనసుకు ఏమనిపించిందో నాకు రాయండి. బాబు ఇప్పుడు ఏ క్లాసో కూడా రాయండి.