రాక్ వీడియోల్లో బడిని జైలులా ఎందుకు చూపిస్తారు?

పెద్దల అధికారం పిల్లలకు రోజూ ఎదురయ్యే చోటు బడి. అందుకే రాక్ సంగీతపు కోపం ముందుగా దానిమీదికే వెళ్తుంది. పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బ్యాండ్ పాటలతో 1982లో వచ్చిన 'ద వాల్' సినిమాలో పిల్లలందరికీ ఒకేలాంటి ముసుగులు వేసి, వరసగా నడిపించి కైమా కొట్టే యంత్రంలో పడేస్తారు. 1991 నాటి నిర్వాణా బ్యాండ్ వీడియోలో స్కూలు జిమ్‌లో మొదలైన సందడి చివరికి విధ్వంసమవుతుంది.

నన్ను ఎక్కువగా కలచివేసేది మాత్రం పెర్ల్ జామ్ బ్యాండ్ వారి 'జెరెమీ'. టెక్సాస్‌లో ఓ విద్యార్థి తరగతి గదిలోనే ప్రాణం తీసుకున్నాడన్న వార్త పేపర్లో చూసి ఆ బ్యాండ్ గాయకుడు ఎడ్డీ వెడర్ ఆ పాట రాశాడు. మార్క్ పెల్లింగ్టన్ తీసిన వీడియో 1992లో వచ్చింది. అందులో ఆ కుర్రాడొక్కడే కదులుతుంటాడు. తల్లిదండ్రులు, తోటి పిల్లలు దాదాపు బొమ్మల్లా బిగుసుకుపోయి ఉంటారు. వాడెంత అరిచినా ఇంట్లో ఎవరికీ పట్టదు. క్లాసులో వేళ్లు చూపి వెక్కిరిస్తారు. పిల్లల ఒంటరితనాన్ని ఇంత సూటిగా చూపిన రాక్ వీడియో మరొకటి నాకు తెలియదు.

సంగీత చానల్ ఎంటీవీ నిబంధనల వల్ల చివర్లో తుపాకీ కనిపించే షాట్‌ను కత్తిరించారు. మిగిలింది రక్తపు మరకలతో నిశ్చేష్టులైన పిల్లలు. దాంతో వాడు తోటివాళ్లనే కాల్చేశాడని చాలామంది ప్రేక్షకులు పొరబడ్డారు. నలిగిపోయిన పిల్లవాణ్ణి హంతకుణ్ణి చేసిన కోత అది, చాలా అన్యాయం. 1993లో ఎంటీవీయే దానికి ఆ ఏటి ఉత్తమ వీడియో అవార్డు ఇచ్చింది. కత్తిరించని వీడియోను బ్యాండ్ 2020లో ఆన్‌లైన్‌లో పెట్టింది.