ఫ్రిజ్ స్టిక్కర్లు జారిపోతున్నాయంటే అయస్కాంతం అయిపోయినట్టేనా?

మీ ఫ్రిజ్ మీది మాగ్నెట్ స్టిక్కర్లు రెండేళ్లకే జారిపోతున్నాయి, అయస్కాంతం కూడా బ్యాటరీలా అయిపోతుందా అని అడిగారు. అయిపోదండీ. గోడకు కొట్టిన మేకు క్యాలెండర్‌ని మోసినంత మాత్రాన అరిగిపోదు కదా, ఇదీ అంతే.

ఇనుములో ఒక్కో పరమాణువూ ఎలక్ట్రాన్ల పుణ్యమా అని బుల్లి అయస్కాంతమే. ఇవి గుంపులు గుంపులుగా ఒకే దిక్కు చూస్తుంటాయి. ఈ గుంపుల్ని డొమైన్లు అంటారు. మామూలు ఇనుప ముక్కలో ఏ డొమైన్ దారి దానిదే, ఒకదాని బలం ఇంకోదానితో చెల్లుకు చెల్లు. అయస్కాంతంలో మాత్రం ఎక్కువ భాగం ఒకే వైపు తిరిగి బిగుసుకుపోయి ఉంటాయి. ఆ వరస చెదిరితేనే బలం పోయేది. చెదరగొట్టేవాటిలో మొదటిది వేడి.

నాది రాణీగంజ్‌లో మోటార్ వైండింగ్ పని. ఆ మధ్య ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ మోటార్ వచ్చింది. ఫ్లైఓవర్ ఎక్కాలంటే మొరాయిస్తోందట. వైండింగ్, అంటే లోపలి రాగి తీగ చుట్టలు, శుభ్రంగా ఉంది. స్టాండ్ వేసి తిప్పితే మునుపటికంటే స్పీడుగా తిరుగుతోంది! కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఈ మోటారు లోపల అయస్కాంతాలుంటాయి. వేడికి అవి నీరసిస్తే, మోటారు తిరిగేటప్పుడు బ్యాటరీకి ఎదురుగా దానిలోనే పుట్టే వోల్టేజీ తగ్గుతుంది, అందుకే ఖాళీగా స్పీడు పెరుగుతుంది. బరువు పడితే లాగలేదు, కరెంటు ఎక్కువ తాగి ఇంకా వేడెక్కుతుంది. అదే మోడల్ మంచి మోటారునీ, దీన్నీ ఒకే స్పీడులో తిప్పి వోల్టేజీ కొలిస్తే తేడా తెలిసిపోయింది.

ఇలాంటి మోటార్లలో ఉండేది నియోడిమియం అనే లోహం కలిపి చేసిన బలమైన అయస్కాంతం. దాని మామూలు గ్రేడు 80 డిగ్రీలు దాటితే, చల్లారాక కూడా పాత బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. మోటార్లలో 150, 180 డిగ్రీలు తట్టుకునే గ్రేడ్లు వేస్తారు, ధర కూడా అలాగే ఉంటుంది. ఇనుమైతే 770 డిగ్రీల దగ్గర అయస్కాంత గుణమే వదిలేస్తుంది. మన మే నెల ఎండకి బండి అయస్కాంతం పోతుందని టెన్షన్ వద్దు.

కింద పడితే పోతుందన్నది పాత ఉక్కు అయస్కాంతాల మాట. ఇప్పటివి పగులుతాయి తప్ప పెద్దగా బలం కోల్పోవు. నియోడిమియానికి పైపూత లేచిపోతే తుప్పు పట్టి పొడిపొడి అవుతుంది, అది వేరే సంగతి.

ఇక మీ స్టిక్కర్లు. అవి రబ్బరులో ఫెరైట్ (ఇనుప ఆక్సైడుతో చేసే అయస్కాంత పదార్థం) పొడి కలిపి చేసినవి. వెనక ఉత్తర, దక్షిణ ధ్రువాలు సన్నని చారలుగా ఉంటాయి. రెండు స్టిక్కర్ల వెనకభాగాలు ఆనించి జరిపి చూడండి, టకటకా ఎగురుతూ జారతాయి. చారలు అంత సన్నగా ఉన్నాయి కాబట్టి పట్టు కూడా ఉపరితలం దగ్గరే. మధ్యలో నూనె జిడ్డు, దుమ్ము చేరినా, మందపాటి కాగితం పెట్టినా జారుతుంది. ముందు తలుపునీ, స్టిక్కర్ వెనకనీ సబ్బు నీళ్లతో తుడిచి, ఆరాక పెట్టండి.